శలభాల జన్మవృత్తాంతం వ్రాసిన చిత్రకారిణి

1660వ సంవత్సరంలో జర్మనీ దేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో పదమూడేండ్ల బాలిక ఒకతె పట్టుపురుగులను పెంచనారంభించింది. గుడ్డు చిట్లి పురుగు వెలువడడం, అది ఆకులు మేసి మాటిమాటికి కుబుసం విడవడం, గూడు కట్టుకోవడం, ఆ గూటిని భేదించుకొని తెల్లని శలభం బయటపడడం, అది గుడ్లు పెట్టి మరణించడం, ఇవన్నీ ఆమె కండ్లార చూచి కుంచెతో చిత్రించి పెట్టుకొన్నది. పట్టుపురుగు జీవితక్రమం అప్పటికే పట్టు వర్తకులకు తెలిసిన విషయమే. ఆ బాలికకు తోచిన ప్రశ్న మాత్రం కొత్తది. తోటలోను, పొలం గట్టునను, ముళ్ళపొదలలోను కనిపించే తక్కిన గొంగళిపురుగులు కూడా ఇట్లే మార్పు చెందుతాయా? చెందితే ఏ పురుగు ఏ శలభమవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతూనే ఆమె దాదాపు యాభై ఏండ్లు గడిపింది. ఆ బాలిక పేరు మరియా సిబిల్లా మెరియన్.

ఈనాటి పాఠశాల విద్యార్థికి ఆ ప్రశ్న సులభమనిపించవచ్చు. ఆనాడు అది పండితులకే కొరుకుడు పడనిది. బురద నుండి, కుళ్ళిన మాంసం నుండి, మంచుబిందువుల నుండి పురుగులు తమంత తామే పుడతాయని అరిస్టాటిల్ కాలంనాటి నుండి ఐరోపాలో నమ్మకం పాతుకొనిపోయి ఉన్నది. ఇటలీలో ఫ్రాంచెస్కో రెడీ అనే వైద్యుడు మాంసపు పాత్రలకు గుడ్డ కట్టి, ఈగ వాలని చోట పురుగు పుట్టదని నిరూపించినది 1668లో. అంటే ఫ్రాంక్‌ఫర్టు బాలిక తన పట్టుపురుగులను చూడ మొదలుపెట్టిన ఎనిమిదేండ్లకు! పైగా పురుగు అపవిత్రమని, పాపభూయిష్ఠమని భావించే సమాజమది. మంత్రగత్తెలన్న నెపంతో స్త్రీలను దండించే ఆచారం జర్మనీలో ఇంకా సమసిపోలేదు. అట్టి కాలంలో ఇంటినిండా పురుగుల పెట్టెలు పెట్టుకొన్న ఆడపిల్లను ఇరుగుపొరుగులు ఏ కంట చూచి ఉంటారో ఊహించవచ్చు.

మెరియన్ 1647 ఏప్రిల్ 2వ తేదీన జన్మించింది. తండ్రి మాథియస్ మెరియన్ రాగిరేకులపై నగరదృశ్యాలు చెక్కడంలో ఐరోపా అంతటా పేరెన్నికగన్నవాడు, గొప్ప ప్రచురణకర్త. కుమార్తెకు మూడేండ్లు వచ్చేసరికే ఆయన చనిపోయాడు. తల్లి మరుసటి సంవత్సరం యాకోబ్ మారెల్ అనే పుష్పచిత్రకారుని వివాహమాడింది. ఈ సవతితండ్రి పిల్లకు రేఖ, రంగు, రాగిరేకు పని అన్నీ నేర్పాడు. అనేక జర్మన్ నగరాలలో తైలవర్ణ చిత్రాలు వేసి అమ్ముకొనే హక్కు కళాకారుల శ్రేణులకే ఉండేది, స్త్రీలకు ఉండేది కాదు. కనుక ఆమె తోలుకాగితంపై నీటిరంగులతో చిత్రించడం అలవరచుకొన్నది. పురుగు వెంట్రుకను, రెక్కమీది పొడిని చూపడానికి నీటిరంగు కంటె అనువైన సాధనం లేదన్న సంగతి తరువాత ఆమె పనిలో రుజువైంది.

పద్దెనిమిదవ ఏట ఆమెకు సవతితండ్రి శిష్యుడైన యోహాన్ ఆంద్రియాస్ గ్రాఫ్‌తో వివాహమైంది. పెద్ద కుమార్తె పుట్టిన పిమ్మట దంపతులు గ్రాఫ్ స్వస్థలమైన న్యూరెంబర్గుకు కాపురం మార్చారు. అక్కడ మెరియన్ శ్రీమంతుల కుమార్తెలకు చిత్రలేఖనము, కుట్టుపని నేర్పుతూ, రంగులు అమ్ముతూ, పూల చిత్రాల పుస్తకాలు ప్రచురిస్తూ ఇల్లు గడిపింది. తీరిక దొరికినప్పుడెల్లా తోటలో పురుగులను ఏరి తెచ్చుకొని, ఏ పురుగు ఏ ఆకు మీద దొరికినదో ఆ ఆకులే వేసి పెట్టెలలో పెంచేది.

ఈ పెంపకంలో ఆమె మనస్సును అన్నిటికంటె ఎక్కువగా పట్టుకొన్నది ఒక పెద్ద శలభం. పురుగుల రూపాంతరాన్ని గూర్చి ఏమీ తెలియని రోజులలోనే ఆమె దానిని మొదటిసారి చూచింది. సాధారణంగా రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే శలభాలు మట్టిరంగువి. ఇదో, తెలుపు మీద బూడిదవన్నె మచ్చలతో, రెక్క చివరలు గోధుమరంగుతో, ముందురెక్కల కొసలలో రెండు గులాబిరంగు చుక్కలతో, నాలుగు రెక్కలమీదా నలుపు, తెలుపు, పసుపు వలయాలు ఒకదానిలో ఒకటి ఇమిడిన కన్నులతో చూడ వింతగా ఉన్నది. ఒక వన్నె మరొక వన్నెలోకి జారిపోయే తీరు చూచి ఆమె ఆశ్చర్యపడింది. తన చిత్రాలలో దానిని తరచు వాడుకొన్నది కూడా. అయితే అది ఎక్కడినుండి వచ్చిందో, ఏమి తిని పెరిగిందో ఆమెకు తెలియదు. అందమైన వస్తువుగా దానిని చిత్రించగలిగింది గాని, అదేమిటో చెప్పలేకపోయింది.

ఏండ్లు గడిచాయి. గొంగళిపురుగులను పెంచి చూడడం నిత్యకృత్యమైన తరువాత కూడా ఆ శలభం మాత్రం ఏ గూటినుండీ వెలువడలేదు. తుదకొకనాడు వెలువడింది. ఆనాటి సంతోషాన్ని మాటలలో పెట్టలేకపోయానని ఆమె తన గ్రంథంలో వ్రాసుకొన్నది. సాధారణంగా లెక్క తప్పకుండా రంగులు, తేదీలు, ఆకుల పేర్లు మాత్రమే వ్రాసే రచయిత్రి ఆమె. అట్టి మనిషి ఒక శలభం విషయంలో ఇంతగా మనసు విప్పడం గమనింపదగినది.

ఒక్కసారి చూచి ఆమె తృప్తిపడలేదు. వరుసగా కొన్నేండ్లు ఆ పురుగులనే సంపాదించి, చెర్రీ, ఆపిల్, పియర్, ప్లమ్ ఆకులు వేసి జూలై వరకు పెంచింది. వసంతకాలపు లేతగడ్డివంటి పచ్చన, వీపు పొడవునా తిన్నని నల్లగీత, ప్రతి కణుపు మీద అడ్డంగా మరొక నల్లచార, ఆ చారలో ముత్యాలవలె మెరిసే నాలుగు బొడిపెలు, ప్రతి బొడిపె నుండి గుచ్చుకొనేటంత బిరుసైన నల్లని వెంట్రుకలు. ఆకు దొరకకపోతే ఆ పురుగులు ఒకదానినొకటి కొరుక్కు తినేవి, మేత వేయగానే మానేవి. ఎదుగుదల పూర్తి కాగానే అవి వెండివలె మెరిసే గట్టి గూడు అల్లుకొని, లోపల చర్మం విడిచి, ఖర్జూరపు గింజవంటి రూపం ధరించి కదలక మెదలక పడి ఉండేవి. సాధారణంగా ఈ జాతి చలికాలమంతా గూటిలోనే గడిపి వసంతంలో బయటికి వస్తుంది. ఆమె ఇంటిలో మాత్రం ఆగస్టు నడుమనే శలభం రెక్క విప్పింది. పగలు కదలకుండా ఉంటుందని, రాత్రి అయితే నిలుకడ లేక తిరుగుతుందని కూడా ఆమె వ్రాసిపెట్టింది.

ఈ చివరి వాక్యం చిన్నదే గాని చాలా విలువైనది. ఆమె వర్ణించిన బూడిదవన్నె శలభాన్ని ఈనాటి కీటకశాస్త్రం సాటర్నియా పవోనియా అనే జాతిలోని ఆడదిగా గుర్తిస్తున్నది. దాని మగది వేరొక వన్నెలో ఉంటుంది. పరిమాణంలో చిన్నది, వెనుకరెక్కలు నారింజరంగువి, ఎండలో పగటిపూట ఎగురుతుంది. రెండూ ఒకే గూటిజాతికి చెందినవని తెలియనివానికి రంగు ఒకటి కాదు, పరిమాణం ఒకటి కాదు, తిరిగే వేళ సైతం ఒకటి కాదు. వేరు వేరు జాతులని అతడు ప్రమాణం చేసి చెప్పినా ఆశ్చర్యపడనక్కరలేదు. మన గోదావరి తీరారణ్యాలలో, మహదేవపూర్ ప్రాంతంలో మద్దిచెట్ల మీద దసలి పట్టు పండించే వారికి ఈ సంగతి కొత్తగా తోచదు. దసలి శలభం కూడా ఈ కుటుంబానిదే. దాని రెక్కల మీదా కన్నులుంటాయి, అందులోనూ మగది ఎరుపుడాలు, ఆడది పసుపుడాలు. వన్నెను బట్టి జాతిని నిర్ణయించబోతే ఒకే చెట్టుమీది ఆలుమగలను విడదీసినట్లవుతుంది.

పండితులు సైతం ఇందులో తడబడినారు. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1758లో జీవులకు రెండు మాటల పేర్లు పెట్టినపుడు, రెక్కలపై నెమలికన్నులు చూచి దీనికి పవోనియా అని పేరుపెట్టాడు. లాటినులో పావో అంటే నెమలి. కాని ఐరోపాలోనే ఇంతకు రెట్టింపు పరిమాణం గల మరొక కన్నుల శలభం ఉన్నది. లిన్నేయస్ పెద్దదానిని, చిన్నదానిని ఒకే పేరు క్రింద భేదాలుగా చేర్చాడు. అవి రెండు జాతులని వియన్నా పండితులు 1775లో వేరుచేశారు. గొంగళిపురుగును, మేతను, గూటిని చూచినవారికి ఆ సందేహమే రాదు.

మెరియన్ గ్రంథం మొదటి సంపుటం 1679లో వెలువడింది. అందులో యాభై ఫలకాలు. మొదటిది పట్టుపురుగు. ప్రతి ఫలకంలోనూ ఒక మొక్క. దాని ఆకుమీద గుడ్లు, పురుగు, గూడు, శలభం. అంతకు పూర్వం హాలండులో గూడార్ట్ అనే ఆయన పురుగులను పెంచి చిత్రించాడు గాని మొక్కను వదలిపెట్టాడు. పండితుల పుస్తకాలలో శలభాలు సూదికి గుచ్చినట్లు వరుసలు కట్టి ఉండేవి. జీవిని, దాని ఆహారాన్ని, దాని సర్వావస్థలను ఒకే పుటమీద నిలబెట్టి చూపిన ఘనత ఆమెదే. కొన్ని గూళ్ళనుండి శలభానికి బదులు ఈగలో చిన్న కందిరీగలో రావడం చూచినపుడు ఆమె దానిని దాచలేదు, ఉన్నది ఉన్నట్లు చిత్రించింది. అవి పురుగు శరీరంలో పెరిగే పరాన్నజీవులని ఈనాడు మనకు తెలుసు. ఆమెకది అప్పటికి సక్రమం కాని మార్పుగానే తోచింది.

రెండవ సంపుటం 1683లో వచ్చింది. ఆ తరువాత సంసారం చెదిరింది. సవతితండ్రి చనిపోగా తల్లి దగ్గరకు ఫ్రాంక్‌ఫర్టు చేరిన మెరియన్ మరల భర్తతో కలసి జీవించలేదు. 1685 ప్రాంతంలో తల్లిని, ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని నెదర్లాండ్సులోని ఫ్రీస్లాండులో లబాదీ మతశాఖవారి ఆశ్రమం చేరింది. సవతి అన్న కాస్పర్ అప్పటికే అక్కడ ఉన్నాడు. భర్త వచ్చి బ్రతిమాలినా ఆమె కదలలేదు. ఆస్తులన్నీ ఉమ్మడిగా ఉండే ఆ కఠిన జీవితంలో కూడా ఆమె నోటుపుస్తకం వదలలేదు. తల్లి మరణించిన మరుసటి ఏడు, 1691లో, కుమార్తెలతో ఆంస్టర్‌డామ్ చేరి సొంత రెక్కల కష్టంతో నిలబడింది.

ఆంస్టర్‌డామ్ అప్పుడు ప్రపంచపు బజారు. నౌకలలో దూరదేశాల నుండి వచ్చిన శలభాలను, సీతాకోకచిలుకలను ధనికులు అద్దాల పెట్టెలలో కూర్చి గర్వపడేవారు. నగరాధ్యక్షుడు విట్సెన్, వైద్యుడు రూయిష్ మొదలైనవారి సేకరణలను ఆమె చూచింది. అరచేతిని మించిన రెక్కలు, కనీవినీ ఎరుగని వన్నెలు. అందరూ మెచ్చుకొనేవారు. ఆమెకు మాత్రం అవి అసంపూర్ణంగా కనిపించాయి. ఏ ఆకు తిన్నది? పురుగు ఎట్లుండేది? గూడు ఎటువంటిది? ఏ పెట్టెలోనూ జవాబు లేదు. చిన్ననాడు బూడిదవన్నె శలభాన్ని ఏమీ తెలియకుండా చిత్రించినట్లే ఈ సంపన్నులూ వీటిని ఏమీ తెలియకుండా భద్రపరచుకొంటున్నారు. వాటి జన్మవృత్తాంతం కావాలంటే అవి పుట్టిన చోటికే పోవాలి.

పోయింది. 1699లో, యాభై రెండేండ్ల వయస్సులో, తన చిత్రాలు 255 అమ్మి ప్రయాణపు ఖర్చు కూర్చుకొని, వీలునామా వ్రాసిపెట్టి, చిన్న కుమార్తె డొరోతియాతో దక్షిణ అమెరికాలోని డచ్చి వలసరాజ్యమైన సూరినామ్‌కు ఓడ ఎక్కింది. శాస్త్రపరిశోధన కొరకే, ఏ ప్రభుత్వం పంపకుండా, ఏ పురుషుడూ తోడు లేకుండా అంతదూరం సముద్రం దాటిన స్త్రీ ఆ రోజులలో మరొకరు కనిపించరు.

సూరినామ్‌లో చెరకుతోటల దొరలు ఆమెను చూచి నవ్వారు. చక్కెర తప్ప మరొకటి వెదకే మనిషి వారికి విడ్డూరం. ఎండ దుర్భరం, అడవి ముండ్లమయం. దారి నరికి నడిపించినవారు, పురుగులు ఏరి తెచ్చినవారు, మొక్కల పేర్లు చెప్పినవారు ఆ దేశపు ఆదివాసులు, ఆఫ్రికానుండి తెచ్చి అమ్మబడిన బానిసలు. వారి పేర్లు ఆమె గ్రంథంలో లేవు. ఇది ఆ గ్రంథంలోని లోపమే. కాని వారు చెప్పిన మాటను ఆమె త్రోసివేయలేదు. మన పెరళ్ళలో పెరిగే రత్నగంధి మొక్కను చిత్రించిన చోట, తమ బిడ్డలు బానిసలు కారాదని బానిసస్త్రీలు ఆ గింజలతో గర్భస్రావం చేసుకొనేవారన్న విషయం ఆ స్త్రీల నోటనే విని గ్రంథస్థం చేసింది. దొరల సొమ్ముతో అమ్ముడుపోవలసిన పుస్తకంలో ఆ వాక్యం వ్రాయడానికి ధైర్యం కావాలి.

అక్కడి పెద్ద పట్టుశలభాలలో రెండు ఆమె చేత చిక్కాయి. ఒకటి ఈనాడు ఆర్సెనూరా ఆర్మిడా అని పిలువబడేది. చిన్నతనంలో దాని పురుగుకు కొమ్ములవంటి ముళ్ళుంటాయి. చివరి కుబుసంతో అవి రాలిపోయి నున్నని పురుగు మిగులుతుంది. వేరువేరుగా చూచినవాడు రెండు జాతులనుకొంటాడు. పెంచినవారికే అవి ఒకటని తెలుస్తుంది. రెండవది నారింజ ఆకులు మేసే పచ్చని పురుగు. దానినుండి వచ్చిన శలభం రెక్కల నడుమ అద్దపుముక్కలవంటి పారదర్శకమైన కిటికీలు ఉన్నాయి. ఆ గూటి దారం బలంగా ఉండడం చూచి, మంచి పట్టు అవుతుందని తలచి కొన్ని గూళ్ళు హాలండుకు పంపింది. అక్కడివారు మేలైనదేనన్నారు. ఈ పురుగులను పెంచితే లాభం ఉంటుందని ఆమె తోటల యజమానులకు సూచించింది గాని వారెవరూ చెవిని పెట్టినట్లు లేదు. ఆ కిటికీల శలభాలు ఈనాడు రాత్‌షీల్డియా అనే ప్రజాతిలో చేరి ఉన్నాయి.

ఐదేండ్లు ఉండాలనుకొన్న మనిషి జ్వరంతో కృశించి రెండేండ్లకే తిరుగుముఖం పట్టింది. 1701 సెప్టెంబరులో ఆంస్టర్‌డామ్ చేరింది. 1705లో అరవై ఫలకాలతో సూరినామ్ కీటకాల రూపాంతరం అనే మహాగ్రంథాన్ని డచ్చి, లాటిను భాషలలో సొంత ఖర్చుతో ప్రచురించింది.

అందులో పొరపాట్లు లేకపోలేదు. ప్రపంచంలో అన్నిటికంటె వెడల్పైన రెక్కలుగల శలభాన్ని చిత్రించిన ఫలకంలో, దాని పక్కన ఉంచిన పురుగు దానిది కాదని తరువాతి శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. ఇది పట్టుశలభాల కుటుంబానికి చెందినది కాదు. ప్రయాణంలో తొందర, జ్వరం, ఇతరులు తెచ్చి ఇచ్చిన నమూనాలు వీటికి కారణమై ఉండవచ్చు. చిత్రమేమనగా, ఎక్కడ ఆమె తన పద్ధతిని సాంతం అనుసరించిందో అక్కడ చిత్రం నిలిచింది. ఎక్కడ పురుగుకు శలభానికి నడుమ కన్ను కొంతసేపు తప్పిందో అక్కడ చెదిరింది.

కాని ఆమెపై వచ్చిన నిందలలో ఎక్కువ భాగం ఆమె తప్పులకు సంబంధించినవి కావు. ఆమె మరణానంతరం ఆ గ్రంథం పలుమార్లు అచ్చయింది. రంగులు చేతితో వేసే రోజులు గనుక ఎవరి చేతికి తోచిన రంగు వారు వేశారు. ఒక ప్రతిలోని పచ్చపురుగు మరొక ప్రతిలో వేరు రంగు దాల్చింది. వెస్టిండీసులో ఉన్న లాన్స్‌డౌన్ గిల్డింగ్ అనే మతాచార్యుడు అట్టి తరువాతి ప్రతి ఒకటి ముందు పెట్టుకొని 1834లో ఆమెను తీవ్రంగా ఖండించాడు. ఆయన సూరినామ్‌ను చూచినవాడు కాడు. పిట్టను తినే సాలెపురుగును ఆమె చిత్రించడం కూడా అబద్ధాల కోవలోనే చేరింది. హెన్రీ వాల్టర్ బేట్స్ అమెజాన్ అడవులలో అట్టి సాలెపురుగు పిట్టలను పట్టడం చూచి 1863లో ప్రకటించిన తరువాత ఆ నింద తొలగింది. అంతవరకు ఆమె అబద్ధాలకోరుగానే కొందరి పుస్తకాలలో నిలిచిపోయింది.

లిన్నేయస్ మాత్రం ఆమెను నమ్మాడు. సూరినామ్ కీటకాలకు పేర్లు పెట్టేటప్పుడు పలుచోట్ల ఆమె ఫలకాలనే ప్రమాణంగా చూపాడు.

1715లో మెరియన్‌కు పక్షవాతం సోకింది. 1717 జనవరి 13న ఆంస్టర్‌డామ్‌లో మరణించింది. గొంగళిపురుగుల గ్రంథం మూడవ సంపుటాన్ని డొరోతియా ఆ సంవత్సరమే ప్రచురించింది. రష్యా చక్రవర్తి పీటర్ కొరకు ఆయన వైద్యుడు అరెస్కిన్ ఆమె చిత్రాలను, పురుగుల నోటుపుస్తకాన్ని కొన్నాడు. డొరోతియా సైతం భర్తతో పీటర్స్‌బర్గు చేరి అక్కడి అకాడెమీలో చిత్రకారిణిగా పనిచేసింది. ఆ నోటుపుస్తకం ఆ నగరపు శాస్త్ర అకాడెమీ గ్రంథాలయంలో భద్రమై, 1976లో యథాతథంగా అచ్చయింది. పదమూడేండ్లనాటి పట్టుపురుగు మొదలు సూరినామ్ శలభాల వరకు ఒక్కొక్కదాని తేదీ, మేత, రంగు అందులో వరుసగా ఉన్నాయి.

2018లో పనామా దేశపు సీతాకోకచిలుక ఒకదానికి శాస్త్రజ్ఞులు ఆమె స్మారకంగా కటాస్టిక్టా సిబిల్లే అని పేరుపెట్టారు. ఆ ప్రజాతిలో సాధారణంగా కనిపించని నల్లని రెక్కలు దానివి. ఆ జాతి వర్ణనకు ఆధారం ప్రదర్శనశాల సొరుగులో దొరికిన రెండు మగ నమూనాలు. పురుగు గాని, గూడు గాని, మేసిన ఆకు గాని ఆ సొరుగులో లేవు.